తినే చెయ్యి

అన్నం ఏ చేత్తో తింటాడని నర్సు అడిగితే, కుడిచేత్తో అని మైసమ్మ చెప్పింది. అందులో అబద్ధం లేదు.

అది హైదరాబాదులో ఒక ఆసుపత్రి, మూడో అంతస్తు. ఉగాది దాటి వారం అయింది. ఆమె భర్త హన్మయ్య మంచం మీద కూర్చొని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు, మాట్లాడితే ఆయాసం. అందుకని నర్సు అతన్ని వదిలేసి భార్యను అడిగింది. షుగరు ఉందా, బీడీ తాగుతాడా, ఇంతకుముందు ఆపరేషన్ ఏదైనా అయిందా. ఆఖరి ప్రశ్న చెయ్యి గురించి. మర్నాడు పొద్దున అతని రొమ్ములో మిషన్ పెడతారు. ఎక్కువగా వాడని చెయ్యి ఏదో చూసి ఆ వైపు పెట్టడం అక్కడి పద్ధతి.

హన్మయ్య అన్నం మాత్రమే కుడిచేత్తో తింటాడు. చిన్నప్పుడు కంచంలో ఎడమచెయ్యి పెట్టినప్పుడల్లా వాళ్లమ్మ గంటెతో కొట్టి ఆ ఒక్కటి మాన్పించింది. మిగతావన్నీ ఎడమచేత్తోనే. కట్టె పట్టడం, రాయి విసరడం, గొర్రెకు బొచ్చు కత్తిరించడం, ఈనలేక అవస్థపడే మేక కడుపులోంచి పిల్లను తియ్యడం. పెద్దేముల్ దగ్గర వాళ్ల ఊళ్లో అతన్ని పుర్రచెయ్యి హన్మయ్య అంటారు. కులదేవుడు బీరప్ప పండుగనాడు ఆ చేత్తో పసుపు బండారు ముట్టనివ్వరు. పెళ్లిచూపుల నాడు అత్త ఆ సంగతి దాచిందని, పెళ్లయిన నెలకు గానీ తెలియలేదని మైసమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ మిగతా సగం కూడా నర్సుకు చెబుదామనుకుంది. పక్క మంచాల వాళ్లు నలుగురు ఇటే చూస్తున్నారు. మొగుడిది ఎడమచెయ్యి అని అంతమందిలో అనడానికి నోరు రాలేదు. నర్సు కాగితం మీద టిక్కు పెట్టుకొని అవతలి మంచానికి పోయింది.

జబ్బు బయటపడింది అంతకుముందు దసరా రోజుల్లో. మంద వెంట నడుస్తూ హన్మయ్య పది అడుగులకోసారి నిలబడేవాడు. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలేదు. కొడుకు విజయ్‌కుమార్ తాండూరులో నాపరాయి పాలిష్ చేసే యూనిట్లో పని చేస్తాడు. అతనే తండ్రికి తాండూరులో ఈసీజీ తీయించి, ఆ కాగితం పట్టుకొని వికారాబాద్ తీసుకుపోయాడు. అక్కడ ఒక నర్సింగ్ హోంకు రెండు శనివారాలకోసారి హైదరాబాదు నుంచి డాక్టర్ సందీప్ వస్తాడు. గుండె డాక్టరు.

సందీప్ ఐదు నెలలు మందులతో చూశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, నీళ్లు కొలిచి తాగమన్నాడు. వాపు తగ్గింది గానీ ఆయాసం తగ్గలేదు. అప్పుడు ఆ ఈసీజీ కాగితం మళ్లీ ముందు పెట్టుకొని చెప్పాడు.

“గుండెకు రెండు పక్కలుంటయ్ పెద్దయ్యా. రెండూ ఒక్కసారి పిండాలె. నీకు ఎడమ పక్కకు కరెంటు ఆలస్యంగ పోతుంది. కుడిది పిండినంక ఎడమది పిండుతుంది. దాంతోని రక్తం ముందుకు పోవాల్సినంత పోతలేదు.”

హన్మయ్య రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి చూపించాడు.

“మందకు రెండు దిక్కుల ఇద్దరు మనుషులుంటరు సారు. ఒకడు అదిలించినంక జర సేపటికి ఇంకోడు అదిలిస్తే గొర్లు దొడ్లకు పోవు. గీ మూలకు ఉరుకుతయ్, గా మూలకు ఉరుకుతయ్. గంతేనా?”

“అంతే. ఈ మిషన్ ఆ ఇద్దరినీ ఒక్కసారి అదిలిస్తది.”

“అంటే జీతగాళ్ల మీద ఇంకో జీతగాడు. ఎన్నేండ్లుంటడు?”

“ఆరేడేండ్లు. తర్వాత మార్చాలె.”

“మా జీతగాళ్లు ఆర్నెల్లకే పోతరు సారు,” అన్నాడు హన్మయ్య. ఆ మాట అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు.

మిషన్ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఎడమవైపు, మెడ ఎముక కింద, చర్మం లోపల పెట్టారు. దాన్నుంచి మూడు తీగలు గుండెలోకి పోతాయి. రెండు పెట్టడానికి అరగంట పట్టింది. మూడోది గుండె వెనక నుంచి పోయే నరంలో దూర్చి ఎడమ పక్క మీదికి తేవాలి. దానికి గంటన్నర పట్టిందని బయటికొచ్చాక డాక్టర్ చెప్పాడు. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు ఒక్క మాట గట్టిగా చెప్పాడు: ఆరు వారాల దాకా ఎడమ మోచెయ్యి భుజం కంటే పైకి లేవకూడదు. లోపల తీగ అతుక్కోవాలి. అప్పటిదాకా దాన్ని గుంజొద్దు.

హన్మయ్య సరేనన్నాడు. మైసమ్మకు అప్పుడైనా చెప్పాలనిపించింది. మిషన్ పెట్టడం అయిపోయింది కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుంది.

మూడు వారాలు బాగా గడిచాయి. నాలుగో రోజు నుంచే హన్మయ్య ఒక్క దిండు మీద పడుకున్నాడు. అంతకుముందు రెండు బియ్యం సంచులు పేర్చి వాటికి ఆనుకొని కునుకు తీసేవాడు. ఇంటి నుంచి దొడ్డి దాకా ఆగకుండా నడిచాడు. మైసమ్మ వెనకాల నడుస్తూ లెక్కపెట్టింది, నూట నలభై అడుగులు. విజయ్‌కుమార్ యూనిట్లో సెలవు పెట్టి మందను మేపాడు. సెలవు అయిపోయి పనికి పోయాక మంద మైసమ్మ మీద పడింది.

అప్పటికి ఏప్రిల్ చివర. కంది కోసిన చేలల్లో మోళ్లు, రాలిన ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. గొర్రెలు ఆ ఎండుటాకులు ఏరుకొని బతుకుతాయి. మేకలకు చెట్టు మీది ఆకు కావాలి. పొడుగు వెదురు చివర కొడవలి కట్టి, చేతులు తలపైకెత్తి, తుమ్మ మండలు కోసి కింద పడెయ్యాలి. ఆ కర్రను వాళ్లు కొంకి అంటారు. మైసమ్మ పొట్టి మనిషి. ఆమెకు అందే మండలు మొదటి రెండు రోజుల్లోనే అయిపోయాయి.

మూడో రోజు గొర్రెలను బోరు దగ్గరికి నీళ్లకు తోలుకుపోయి తిరిగొచ్చేసరికి, తుమ్మ కింద మేకలు మూతి ఎత్తకుండా మేస్తున్నాయి. హన్మయ్య చెట్టు మొదట్లో కూర్చొని ఉన్నాడు. కొంకి చెట్టుకు ఆనించి ఉంది.

“ఏందయ్యా ఇది?”

“ఒక్క మండ. మేకపిల్లలు ఒర్రుతుంటే పాణం ఊకోలే.”

మైసమ్మ కింద పడ్డవి లెక్కపెట్టింది. పదకొండు.

“ఏ చేత్తో కోసినవ్?”

అతను కొంకిని దగ్గరికి లాక్కున్నాడు. కొడవలికి అంటిన జిగురు గోరుతో గీకాడు.

“పిలగానికి చెప్పకు,” అన్నాడు.

ఆమె చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత, అన్నం తింటున్నప్పుడు, అతని బొడ్డు మీది పంచె ముడి ఎగరడం మైసమ్మ చూసింది. ఎక్కిళ్లనుకుంది. ఎక్కిళ్లకు చప్పుడుంటుంది, దీనికి లేదు. చెయ్యి పెట్టి చూసింది. పొట్ట లోపలి నుంచి ఎవరో వేలితో పొడుస్తున్నట్టు, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఒకటి. ఎడమవైపు ఒరిగితే ఎక్కువైంది.

“మిషన్ కుదురుకుంటుంది తియ్,” అన్నాడు హన్మయ్య.

వారం తిరిగేసరికి చెప్పులు మళ్లీ పట్టలేదు. దొడ్డికి పోయే దారిలో మూడుసార్లు ఆగాడు. ఒకరోజు తెల్లవారి మైసమ్మ లేచి చూస్తే పక్క ఖాళీగా ఉంది. అతను బయట, దొడ్డి చుట్టూ పాతిన నాపరాళ్లకు వీపు ఆనించి కూర్చొని ఉన్నాడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఎప్పటి నుంచి అట్లా ఉన్నాడో ఆమె అడగలేదు. కొడుక్కి ఫోన్ చేసి నాయినకు మళ్లా ఆయాసం వచ్చిందని మాత్రం చెప్పింది. ఆ వారం చివర డాక్టర్ వచ్చే శనివారం.

ముగ్గురూ ఆటోలో తాండూరు వచ్చి పొద్దుటి రైలెక్కారు. వికారాబాద్ స్టేషన్లో మెట్లెక్కడానికి హన్మయ్యకు పావుగంట పట్టింది. బయట ఆటో అతను “అనంతగిరికా?” అని అడిగాడు. శనివారం దిగినవాళ్లంతా ఆ గుట్ట మీది గుడికే పోతారు. విజయ్‌కుమార్ నర్సింగ్ హోం పేరు చెప్పాడు.

మిషన్ పరీక్ష చేసే అమ్మాయి పేరు రెబెక్క. హన్మయ్య చొక్కా విప్పించి, మిషన్ ఉన్న చోట చర్మం మీద గుండ్రటి బిళ్ల ఒకటి పెట్టింది. దాని వైరు లాప్‌టాప్ లాంటి పెట్టెకు ఉంది.

“ఎడమవైపు తిరుగు పెద్దయ్యా.”

అతను తిరిగాడు. పొట్ట ఎగిరింది.

“ఇది ఎన్నాళ్ల సంది?”

“నిన్న మొన్నటి సంది బిడ్డా.”

మైసమ్మ గోడవైపు చూసింది.

మూడో తీగకు నాలుగు చోట్ల నుంచి కరెంటు ఇవ్వొచ్చట. రెబెక్క ఒక్కో చోటు మార్చి చూసింది. రెండు చోట్ల నుంచి ఇస్తే పొట్ట ఎగిరింది. మిగతా రెండు చోట్ల నుంచి ఇస్తే గుండె ఎడమ పక్క పట్టించుకోలేదు. ఆమె కరెంటు పెంచింది, తగ్గించింది. ఇరవై నిమిషాలయ్యాక బిళ్ల తీసేసి, ఎక్స్‌రే తీయమని పంపింది.

డాక్టర్ సందీప్ రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఆపరేషన్ మర్నాటిది, ఒకటి ఇప్పటిది. మూడో తీగ కొస ఉన్న చోటు నుంచి వెనక్కి వచ్చింది. దాని కరెంటు గుండెకు కాక, గుండె కింద ఉండే పొట్ట కండకు తగులుతోంది.

“చెయ్యి పైకెత్తినవా?”

“లేదు సారు,” అన్నాడు హన్మయ్య.

“బరువేమన్న లేపినవా? కింద పడ్డవా?”

“లేదు.”

డాక్టర్ విజయ్‌కుమార్ వైపు తిరిగాడు. గుంజకుండానే తీగ జారిందంటే ఆ నరం దాన్ని పట్టి ఉంచడం లేదని అర్థం, మళ్లీ పెట్టినా జారుతుంది అన్నాడు. అట్లాంటప్పుడు పక్కటెముకల మధ్య కోసి, బయటి నుంచి గుండె మీదనే తీగను కుట్టాలి. మొదటిసారి ఒక్క చోట మొద్దుబార్చి చేశారు, ఈసారి పూర్తి మత్తు ఇవ్వాలి. మామూలు గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపలి రక్తంలో సగం పైన బయటికి నెడుతుంది, ఈ గుండె పావు వంతు నెడుతుంది. మత్తు తట్టుకుంటుందో లేదో ముందుగా చెప్పలేను అన్నాడు.

“వద్దంటే?” అని కొడుకు అడిగాడు.

“వద్దంటే ఇట్లనే ఉంటది. ఇంకా దిగుతది.”

విజయ్‌కుమార్ తండ్రి వైపు చూశాడు. ఆపరేషన్‌కు రాయండి సారు అన్నాడు. పది నిమిషాలు బయట కూర్చోండి, ఆపరేషన్ చేసే డాక్టరుతో మాట్లాడి కాగితం ఇస్తా అన్నాడు సందీప్. విజయ్‌కుమార్ చాయ్ తేవడానికి కిందికి పోయాడు.

వరండాలో బల్ల మీద మొగుడూ పెళ్లాలు ఇద్దరే మిగిలారు.

“పోయి చెప్పయ్యా,” అంది మైసమ్మ.

“ఏం చెప్పాలె?”

“బొక్కలు కోస్తరట. ఇనలేదా?”

“ఇన్న.” హన్మయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. “చెప్తే ఏమైతది ఎరికేనా? దవాఖాన కాగితంల పేరు కొట్టేస్తరు. మన దొడ్లె రెండుసార్లు కంచె దుంకిన మేకను ఏం చేస్తం?”

మైసమ్మకు తెలుసు. అట్లాంటి దాన్ని ఎవరూ ఉంచుకోరు. మూడోసారి దుంకేదాకా చూడరు, వచ్చే అంగడికి తోలేస్తారు. నలభై ఏళ్లుగా ఇద్దరూ కలిసి చేసిన పనే.

“సారు ఒక్కటే మాట చెప్పిండు,” అన్నాడు హన్మయ్య. “ఒక్కటే. గదే ఇనలే. గసుంటోనికి మళ్లా మిషన్ ఎందుకు అనరా? కోస్తే కోయనీ. చేసేటప్పుడు పోతే పోత. పేరైతే ఉంటది.”

“నీ పేరు ఎవనికి కావాలె?”

అతని చొక్కా కింద పొట్ట ఎగురుతోంది. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. పది, పదకొండు, పన్నెండు. చెప్పాల్సినవి ఆమె దగ్గర రెండున్నాయి, అతనిదొకటి, తనదొకటి. అతనిది చెప్పి తనది దాచుకోవడం కుదరదని ఆమెకు అక్కడే తోచింది.

విజయ్‌కుమార్ చాయ్ గ్లాసులతో మెట్లెక్కి వచ్చాడు. ఆమె గ్లాసు అందుకోలేదు. లేచి, తలుపు నెట్టుకొని డాక్టర్ గదిలోకి పోయింది. కొడుకు గ్లాసులతోనే వెనక వచ్చాడు.

“సారు, కొంకి పట్టిండు. తుమ్మ చెట్టుకు పదకొండు మండలు కోసిండు. చెయ్యి గీడిదాంక లేపకుంటే కొంకి అందది.” తన చెయ్యి తలపైకి ఎత్తి చూపించింది. “రెండొద్దులకు పొట్ట ఎగురుడు షురువైంది. నిన్న మొన్న కాదు, నేను చూడవట్టి పదిరోజులైంది.”

“అమ్మా,” అన్నాడు విజయ్‌కుమార్. “నాకెందుకు చెప్పలే?”

ఆమె కొడుకు వైపు చూడలేదు.

“ఇంకోటుంది సారు. గాయిన పుర్రచెయ్యోడు. తినుడొక్కటే కుడిచేత్తోని. అక్కడ నర్సమ్మ అడిగితే తినే చెయ్యి చెప్పిన. పనిచేసే చెయ్యి చెప్పలే. చెప్తే పక్కోళ్లు ఇంటరని చెప్పలే.”

సందీప్ పెన్ను కింద పెట్టాడు. మండలు కోసిన రోజు ఏదని అడిగి, ఆపరేషన్ అయిన రోజు నుంచి వేళ్ల మీద లెక్క వేశాడు. ఎక్స్‌రేలు ఇంకోసారి చూశాడు.

“అయితే నరం వదల్లేదమ్మా. గుంజితే వచ్చింది. అట్లయితే ముందు అదే గాయం తెరిచి అదే నరంలో మళ్లా పెట్టి చూస్తం. పక్కటెముకలు ఇప్పుడే కోయనక్కరలేదు.”

“నేను ముందే చెప్పుంటే గా దిక్కు పెడుతుంటిరా?”

“తెలిసినా బహుశా ఎడమవైపే పెట్టేవాళ్లం. తీగలు అటు నుంచే సులువుగా పోతయ్.” సందీప్ పెన్ను మళ్లీ తీసుకున్నాడు. “కానీ ఆ చెయ్యిని కట్టేసి పంపిస్తుంటిమి.”

హన్మయ్య తలుపు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

“పేరు కొట్టేస్తరా సారు?”

డాక్టరుకు అర్థం కాలేదు. కంచె దుంకే మేక సంగతి మైసమ్మ చెప్పింది. రెబెక్క నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. సందీప్ నవ్వలేదు.

“మేం ఎవర్నీ అంగడికి తోలం పెద్దయ్యా. కానీ ఒకటి విను. అదే గాయం రెండోసారి తెరిస్తే చీము పట్టే భయం ఎక్కువ. చీము పడితే మిషన్, తీగలు అన్నీ తీసెయ్యాలె. మూడోసారి తెరిచే ధైర్యం నాకు లేదు.”

హన్మయ్య తల ఊపాడు. వరండాలోకి పోయి బల్ల మీద, మైసమ్మ కూర్చున్న చోటికి దూరంగా, అవతలి కొసన కూర్చున్నాడు.

మంగళవారం హైదరాబాదులో తీగ మళ్లీ పెట్టారు. ఈసారి రెండు గంటలు పట్టింది. అక్కడున్న ఐదు రోజులూ హన్మయ్య భార్యతో మాట్లాడలేదు. ఏమైనా కావాలంటే ఆమె ఎదురుగా ఉండగానే కొడుక్కి చెప్పాడు. “మీయమ్మను నీళ్లు ఇయ్యమను.” “మీయమ్మను చాయ్ తాగి రమ్మను.” మైసమ్మ నీళ్లిచ్చింది. చాయ్ తాగి వచ్చింది. ఈసారి నర్సు వచ్చి కాగితం తీసినప్పుడు, అడగకముందే పనిచేసే చెయ్యి ఎడమది అని చెప్పింది. పక్క మంచం ముసలాయన తిరిగి చూశాడు. చూడనీ అనుకుంది.

ఇంటికొచ్చాక పదిరోజులకు గాయం చూపించుకున్నారు. చీము లేదు. ఇంకో నెల చూడాలన్నారు.

ఆ నెలంతా పొద్దున్నే హన్మయ్య ఎడమచెయ్యిని మైసమ్మ నడుముకు కట్టేసింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన పట్టీ కింద చెమటకు కురుపులు లేచాయి. పాత పంచె చింపి, మెత్తగా ఉతికి, దాంతో కట్టింది. మొదటి రోజు ముడి వేస్తుంటే అతను చూరు వైపు చూస్తూ నిలబడ్డాడు. రెండో రోజు అడక్కుండానే చెయ్యి ముందుకు పెట్టాడు. మూడో రోజు అన్నాడు:

“పోతును కట్టేసినట్టు కడుతున్నవ్.”

“పోతు నయం,” అంది మైసమ్మ. “ముడి ఇప్పుకోరాదు దానికి.”

విజయ్‌కుమార్ యూనిట్లో పగిలి పారేసిన నాపరాళ్లు ట్రాలీలో తెచ్చి తుమ్మ చెట్టు కింద మోకాలెత్తు పేర్చాడు. మైసమ్మ వాటి మీద నిలబడితే కొంకి రెండో వరస మండలకు అందుతుంది. హన్మయ్య నీడలో కూర్చొని చెబుతాడు.

“గట్ల కాదే. కొడవలి కిందికి తిప్పు. గుంజకు, బరువు దాని మీద ఇడువు.”

“నీది ఎడమచేతి చదువు. నాకు కుడిచెయ్యి.”

“అయితే అన్నం తిన్నట్టు కొయ్యి.”

మండ విరిగి మేకల మధ్య పడింది. ఆమె మళ్లీ కొంకి ఎత్తింది. ఆమె చేతులు పైకి పోయినప్పుడు, నడుముకు కట్టిన గుడ్డ కింద హన్మయ్య ఎడమచేతి వేళ్లు ముడుచుకున్నాయి. మండ పడగానే విడిపోయాయి. మోచెయ్యి కదలలేదు.

ఎనిమిది మండలు అయ్యాక మైసమ్మ రాళ్ల మీద కూర్చొని కొంగుతో మెడ తుడుచుకుంది. హన్మయ్య చెట్టు మొదట్లో గొంగడి మీద వెల్లకిలా పడుకొని కళ్లు మూసుకున్నాడు. తల కింద ఏమీ లేదు. ఆమె అలవాటు కొద్దీ బొడ్డు మీది పంచె ముడి చూసింది. వంద దాకా లెక్కపెట్టింది. ముడి ఊపిరితో లేచింది, ఊపిరితో దిగింది. మధ్యలో ఎగరలేదు. అప్పుడు లేచి తొమ్మిదో మండ కోసింది.